డ్రైవరు ఒప్పుకోవడం లేదు

ఆషాఢ శుద్ధ విదియ

మా ఇంట్లో నాకు కోపం వస్తే ఆకలేసిందనుకుంటారు. మాట్లాడకుండా ఉంటే జ్వరమనుకుంటారు. సముద్రం వైపు కాసేపు చూస్తే పెళ్లి మీదికి మనసు పోయిందనుకుంటారు. పుట్టినప్పటి నుంచి ఈ ఇంట్లోనే ఉన్నాను. ఒక్కరు కూడా నన్ను సరిగ్గా చదవలేదు. డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే కదా, చదవడం వాళ్లకెలా వస్తుందిలే అని సరిపెట్టుకుంటాను.

ఇవాళ్టి సంగతే చూడండి. కంప్యూటర్ ముందు కూర్చుని, నాలో నేనే, "ఏం చేసినా ఈ డ్రైవరు ఒప్పుకోవడం లేదు" అన్నాను. అరుగు మీద రొయ్యపొట్టు ఎండబెడుతున్న నాయనమ్మ చెవిన పడింది.

"ఎవడే ఆ డ్రైవరు?"

"మనిషి కాదు నాయనమ్మా."

"మొదట్లో అందరూ అట్టాగే అంటారు. లాంచీ తోలేవాడా, షట్టరు కాడ క్రేను తోలేవాడా?"

మధ్యాహ్నం అమ్మ నా ముందు కంచం పెడుతూ, "వాడు కాకపోతే ఈ గట్టు మీద మగాళ్లే లేరా" అంది. తమ్ముడు నీలాద్రి పొలమారేదాకా నవ్వాడు. కంప్యూటర్లో డ్రైవరంటే లోపలి భాగాల్ని నడిపే ప్రోగ్రామని వాడికి తెలుసు. అయినా ఎవరికీ చెప్పలేదు.

ఇది లోపాల నమోదు. లైను పనిచేయడం లేదని ఫిర్యాదు చేసినవాళ్లు ఏ తిథినాడు ఏం ప్రయత్నించారో, ఏం జరిగిందో రాసి చూపిస్తేనే లైను సంఘం లైన్‌మాన్‌ని పంపుతుంది. ఏం రాయాలో చెప్పారు. ఏం రాయకూడదో చెప్పలేదు. కాబట్టి అన్నీ రాస్తాను.

ఫిర్యాదు చేసినవారు: కొక్కిలిగడ్డ తరళ. లోపం: అమావాస్య మర్నాటి నుంచి నా కంప్యూటర్లోని నెట్‌వర్క్ కార్డు మీద పచ్చదీపం వెలగడం లేదు. తెర మీద పసుపు త్రికోణం. దాని పక్కన "డ్రైవరు ప్రారంభం కాలేదు" అన్న మాట. ప్రయత్నం: కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాను. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. అంటే ఈ గట్టు మీద అందరూ చేసేదే చేశాను. ఫలితం: పసుపు త్రికోణం.

చవితి

నాకు తొందరెందుకో కూడా రాయాలి. సముద్రంలో వెలుపలి బురుజు ఉంది. పోటు ఎంత లేచింది, పాటు ఎంత తీసింది, గట్టు ఇంకెన్నాళ్లు ఆగుతుంది అని అక్కడ కూర్చుని లెక్కగడతారు. అక్కడి పరిశీలకురాలి ఉద్యోగానికి ఈ గట్టు నుంచి ఒక్కరినే తీసుకుంటారు. పరీక్ష పౌర్ణమినాడు పొద్దున్న. ఎవరి కంప్యూటర్లో వాళ్లు, ఎవరి కార్డు మీద వాళ్లు రాయాలి. పచ్చదీపం లేకపోతే ఆ మనిషి రానట్టే. ఇన్నాళ్లూ ఉన్న ఆయన రిటైరయ్యాడు కాబట్టి ఈ ఖాళీ వచ్చింది. మళ్లీ వచ్చేసరికి నేను రొయ్యపొట్టు ఎండబెడుతూ ఉంటాను.

ఇవాళ కంప్యూటర్ వెనక రేకు విప్పి కార్డు బయటికి తీశాను. మా ఊరున్న ఈ గట్టుకు ఒక పక్క సముద్రం, ఒక పక్క మంచినీళ్లు; మా ఇల్లు ఉప్పు పక్కన ఉంది. గాలి తగిలిన ప్రతిదానికీ తెల్లటి పొర పడుతుంది. రబ్బరుతో కార్డు పళ్లు రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, ఎండలో ఆరబెట్టి మళ్లీ గుచ్చాను. త్రికోణం అలాగే ఉంది. డ్రైవరును పూర్తిగా తీసేసి కంప్యూటర్‌ను మళ్లీ వేశాను. ఎవరో పిలిచినట్టు దానంతటదే మళ్లీ వచ్చి కూర్చుంది, త్రికోణంతో సహా. పాత డ్రైవరుకు వెనక్కి వెళ్లమన్నాను. వెనక్కి వెళ్లడానికి ఏమీ లేదంది. పోనీ కరెంటు ఆదా కోసం కార్డును నిద్రపుచ్చుతోందేమోనని ఆ టిక్కు కూడా తీసేశాను. నిద్రపోయేదైతే లేచేది.

నీలాద్రి గుమ్మంలో నిలబడి మామిడి తాండ్ర నములుతూ చూస్తున్నాడు.

"నీ కార్డు ఒకసారి ఇవ్వరా."

"నా కార్డు తీస్తే నా వంతు నీళ్లు ఆగిపోతాయక్కా. స్నానం చేయాలి నేను."

"నువ్వు చేసేదే రెండ్రోజులకోసారి."

"ఇవాళ ఆ రోజే."

గట్టు మీద ప్రతి మనిషికీ కార్డుంటుంది. దాని దీపం పచ్చగా ఉంటేనే ఆ మనిషి వంతు మంచినీళ్లు ఇంటి కుళాయిలోకి వస్తాయి. నా దీపం ఆరింది కదా, మా ఇంటికి నీళ్లు తగ్గాలి. తగ్గలేదు. అమ్మ బిందెలు ఎప్పటిలాగే నిండుగా ఉన్నాయి. నాన్న షట్టర్ల మీద పనిచేస్తాడు, ఎవరినైనా బతిమాలి వంతు పెంచాడేమో అనుకున్నాను. మా నాన్న ఎవరినీ బతిమాలడు. అది కూడా నాకు తెలుసు. తెలిసినా అనుకున్నాను.

సప్తమి

నీలాద్రి స్నానం చేసి తల తుడుచుకునేలోపు వాడి కార్డు తీసుకొచ్చి నా కంప్యూటర్లో పెట్టాను. పెట్టగానే పచ్చదీపం. నా కార్డు వాడి కంప్యూటర్లో పెట్టాను. పసుపు త్రికోణం. అంటే కేబుల్ మంచిదే, నా కంప్యూటర్ మంచిదే. తేడా ఉన్నది నా కార్డులోనో, దాని డ్రైవరులోనో.

వాడి డ్రైవరు కాపీ చేసి నా కార్డుకు పెట్టి చూశాను. "ఈ డ్రైవరు ఈ ఇంటిపేరుది కాదు" అని వచ్చింది.

చదివేవాళ్లు ఈ గట్టువాళ్లు కాకపోతే అర్థం కాకపోవచ్చు. కార్డుకు ఒక పొడుగాటి గుర్తు ఉంటుంది. ఆఫీసు కాగితాల్లో కూడా దాన్ని ఇంటిపేరనే అంటారు, ఎందుకంటే అది ఏ ఇంటి స్తంభానికి కట్టుబడిందో అదే చెబుతుంది. స్తంభం మీద ఇంటిపేరు రాసిన ఇనప పలక వేలాడుతుంది. పలకది ఏ పేరైతే కార్డుదీ అదే. అప్పుడే లైను.

నాదీ కొక్కిలిగడ్డే, నీలాద్రిదీ కొక్కిలిగడ్డే. ఒకే ఇంటి డ్రైవరు నాకెందుకు చెల్లదు? పాడైపోయిన డ్రైవరు ఏదో ఒకటి వాగుతుందిలే అనుకున్నాను. మనిషి వాగితే విని పట్టించుకుంటాం, యంత్రం వాగితే పట్టించుకోం. ఇక్కడ ఉల్టా చేయాల్సింది.

"అక్కా, లైన్‌మాన్‌ని పిలవొచ్చుగా" అన్నాడు నీలాద్రి.

"పిలిచాను. రేపు, ఎల్లుండి అంటున్నాడు."

వాడు అమ్మ వైపు చూశాడు. అమ్మ చేప పొలుసు గీకుతోంది. ఆగిన చెయ్యి మళ్లీ కదిలింది. ఇదంతా నేను చూశాను. చూసింది చూసినట్టు రాస్తున్నాను. అప్పుడు మాత్రం, నా పరీక్ష గురించి అమ్మ కంగారు పడుతోంది కాబోలనుకున్నాను. నేనూ వాళ్లను సరిగ్గా చదవలేదన్నమాట. ఈ రోగం మా ఇంట్లో అందరికీ ఉంది.

తొలి ఏకాదశి

లైన్‌మాన్ ఏసుపాదం వచ్చాడు. పండగ తనది కాకపోయినా పేలపిండి తనదేనంటూ వచ్చాడు. అమ్మ ముద్ద చేసి చేతిలో పెట్టింది. అంత బెల్లం వేసి మాకెప్పుడూ పెట్టలేదు.

నేను చేసినవన్నీ చదివి వినిపించాను. తలూపుతూ విన్నాడు.

"అన్నీ చేసేశావు తరళమ్మా. ఇంక నాకేం మిగిల్చావు?"

"డ్రైవరు. ఆఫీసు నుంచి కొత్త డ్రైవరు తెచ్చి పెట్టు."

"పున్నమి దాటనీ, తీరిగ్గా చూద్దాంలే."

"పున్నమినాడే నా పరీక్ష బాబాయ్."

"పరీచ్చలదేముందమ్మా, ఇయ్యేడు కాకపోతే పైయేడు. పున్నమి పోటుకి లైన్లన్నీ ఊగుతుంటాయి, ఇప్పుడు ముట్టుకోకూడదు."

అబద్ధం. పోటుకి లైన్లు ఊగవు. ఊగకుండా ఎలా కట్టారో మాకు రెండో సంవత్సరంలో ఒక పాఠమే ఉంది. ఆ మాటే అన్నాను. అతను అమ్మను చూశాడు. అమ్మ డబ్బా మూత పెట్టింది. అడ్డంగా నిలబడి, డ్రైవరు ఇచ్చేదాకా కదలనివ్వనన్నాను. నాయనమ్మ అరుగు మీంచి, "ఇచ్చెయ్యి నాయనా, పిల్ల ఆ డ్రైవరు కోసం బెంగెట్టుకుంది" అంది. ఏసుపాదం జేబులోంచి చిన్న పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. అది జేబులో సిద్ధంగా ఎందుకుందో అప్పుడు అడగలేదు.

పెట్టగానే పసుపు త్రికోణం మాయమైంది. కాని దీపం పచ్చబడలేదు. తెర మీద కొత్త మాట: "డ్రైవరు సరిగానే ఉంది. ఇల్లు దొరకడం లేదు."

"ఇల్లు ఇక్కడే ఉంది కదా" అన్నాను తెరతో.

వెనక్కి తిరిగి చూస్తే ఏసుపాదం చెప్పులు లేవు.

ద్వాదశి

డ్రైవరు వివరాల పేజీ ఒకటుంటుంది. ఎవరూ తెరవరు. తయారైన తేదీ, పరిమాణం, సంతకం, అన్నీ చప్పటి సంగతులు. తెరిచాను. ఇంటిపేరు అన్నచోట "సైకం" అని ఉంది.

సైకం మా అమ్మ పుట్టింటివారు. మా భూషణం మావయ్య ఇల్లు గట్టు చివర మంచినీళ్ల పక్కన ఉంటుంది. మావయ్య పోయి ఏడాది దాటింది. పిల్లల్లేరు, అత్త ఆయనకంటే ముందే పోయింది. ఏసుపాదం తొందర్లో పాత డ్రైవరు, మావయ్యది, నాకిచ్చాడనుకుని నవ్వొచ్చింది. సరే, ఏ ఇంటి డ్రైవరో ఆ ఇంట్లోనే పెట్టి చూద్దాం, కనీసం కార్డు బతికుందో లేదో తేలుతుంది అనుకున్నాను. కంప్యూటర్‌ను చీరలో మూటగట్టి చంకనెత్తుకుని గట్టు మీద నడిచాను. దారిలో ఎదురైన వాళ్లంతా పలకరించారు. "వెళ్తున్నావా అమ్మా" అన్నారు. ఎక్కడికని ఒక్కరూ అడగలేదు.

మావయ్య ఇంటి తాళం ఎప్పుడూ గడపమీద పెంకు కిందే ఉంటుంది. అమ్మ రోజూ పొద్దున్నే వెళ్లి మావయ్య పటం ముందు దీపం పెట్టి వస్తుంది. లోపల ఇల్లు ఊడ్చి ఉంది. దుప్పటి ఉతికి మడతపెట్టి ఉంది. గోడకు మావయ్య కేబుల్ వేలాడుతోంది. గుచ్చాను.

పచ్చదీపం. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదది. తెర మీద అక్షరాలు వచ్చాయి: "సైకం వారి ఇల్లు. సభ్యులు: ఒకరు. ఇంటి పెద్ద: సైకం తరళ."

వంటగదిలో కుళాయి దానంతటదే కక్కడం మొదలుపెట్టింది. వెళ్లి చూశాను. కుళాయి కింద అమ్మ ఇత్తడి బిందె, అంచు సొట్టపోయినది, మా ఇంటిది, పెట్టి ఉంది. మా ఇంటికి నీళ్లు తగ్గకపోవడానికి కారణం ఇది. కొత్తగా చేరిన మనిషి వంతు పౌర్ణమి దాకా దీపం వెలగకపోయినా వస్తుంది; నాది రోజూ ఇక్కడికి వస్తోంది. అమ్మ దాన్ని నడుం మీద పెట్టుకుని ఇంటికి మోస్తోంది. నేనా నీళ్లే తాగుతున్నాను.

లోపం ఏమీ లేదు. ఉప్పు పట్టలేదు, డ్రైవరు చెడలేదు. నన్ను ఇల్లు మార్చారు. నాకు తప్ప గట్టు మీద అందరికీ తెలుసు.

పరీక్ష దరఖాస్తు తెరిచి చూశాను. "దరఖాస్తులోని ఇంటిపేరు, కార్డులోని ఇంటిపేరు ఒకటి కానిచో అభ్యర్థి అనర్హులు." నా దరఖాస్తు కొక్కిలిగడ్డ తరళది. ఆ పేరున్న మనిషి ప్రస్తుతం ఎక్కడా లేదు.

త్రయోదశి

అమ్మ చింతపండు పిసుకుతోంది. కూర దింపేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేదు.

"నన్ను సైకం ఇంటికి రాసిచ్చారా?"

చెయ్యి ఆగలేదు. "ఏసుపాదం చెప్పాడా?"

"డ్రైవరు చెప్పింది."

"చెబుదామనే అనుకున్నానే. పరీక్ష హడావుడిలో ఉన్నావని..."

"పరీక్ష రాయకుండా చేసి, పరీక్ష హడావుడి అంటావేంటమ్మా?"

అప్పుడు తల ఎత్తింది. ఆ సంగతి ఆమెకు నిజంగా తెలియదు. పేరు మారితే పరీక్ష పోతుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. నా పరీక్ష గురించి మా ఇంట్లో ఎవరికైనా తెలిసింది, అది పౌర్ణమినాడని మాత్రమే.

ఏం జరిగిందో ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఏడాదిపాటు ఏ ఇంట్లో మనిషి లేకపోతే ఆ ఇంటి లైను పీకేస్తారు. పలక దించేస్తారు. మావయ్య సంవత్సరీకం జ్యేష్ఠంలో వచ్చింది. ఆషాఢం వస్తే కొత్త ఇంట్లో చేరికలు పనికిరావు, అందుకని అమావాస్యకు ముందే పరుగెత్తుకెళ్లి నా పేరు రాయించింది. పంపే ఇంటి పెద్దగా నాన్న వేలిముద్ర వేశాడు. వెళ్లే మనిషి వేలిముద్ర అక్కర్లేదట.

"నీలాద్రిని రాయించకపోయావా?"

"వాడు కొక్కిలిగడ్డ వంశం నిలబెట్టేవాడు. వాణ్నెట్టా ఇస్తారు?"

"నేనో?"

"నీ ఇంటిపేరు ఎట్టాగూ మారేదే గదే."

ఇంత మామూలుగా అంది. పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు. నా పేరులోనే తరలిపోవడం ఉందని నాయనమ్మ చిన్నప్పుడు ముద్దుగా అనేది. అది ముద్దు కాదు, ఏర్పాటు.

"ఒట్టి కాయితం మీద పేరే గదా" అంది మళ్లీ. "ఉండేది ఇక్కడే. తినేది ఇక్కడే. ఎప్పుడూ ఈ ఇంట్లో ఊపిరాడటం లేదంటావు, నాకో గది లేదంటావు. ఏకంగా ఇల్లే ఇచ్చాను. సంతోషపడతావనుకున్నా."

నేను గది అడిగింది చదువుకోవడానికి. ఆమెకు వినపడింది ఇల్లు.

నాన్న గుమ్మం దగ్గర గాలం దారం చిక్కు తీస్తున్నాడు. "నాన్నా, నువ్వేమంటావు?" అన్నాను. "మీ అమ్మ అడిగింది. పెట్టాను" అన్నాడు. ఆయన దృష్టిలో అది మంచితనం. బహుశా మంచితనమే.

అమ్మ చెయ్యి కడుక్కుని నా ఎదురుగా కూర్చుంది. ఆమె అన్నది ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఇక నేనేం చేసినా ఆమె మాట వినకుండా చేసినట్టు కాకూడదు.

"మా ఊరు నీళ్ల కింద ఉంది తరళా. మా ఇల్లు, మా రేవు, మా అమ్మని పూడ్చిన చోటు, అన్నీ నీళ్ల కిందే. గట్టెక్కినప్పుడు సైకం వాళ్లవి బారుగా ఇళ్లుండేవి. ఒక్కోటీ పలక దిగింది. ఇది ఆఖరిది. నా పేరు నేను పెళ్లినాడే వదిలేసుకున్నా. అది వదిలేశానని ఎవరూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు. అన్నయ్య ఉన్నాడుగా, పలక ఉందిగా అనుకున్నా. ఇప్పుడా పలక కూడా దించేస్తే నేనెక్కణ్నుంచి వచ్చానో చెప్పడానికి ఇంకేం ఉంటుందే?"

నాకో జవాబు దొరికింది. దొరక్కపోయినా బాగుండేది.

"అయితే నువ్వు వెళ్లమ్మా."

"ఎక్కడికి?"

"సైకం ఇంటికి. పేరు రాయించుకో. రూల్లో ఎవరైనా అనే ఉంది, ఆడపిల్లని అని లేదు. నన్ను వెనక్కి పంపి నిన్ను చేర్చుకుంటే లైను ఉంటుంది, పలక ఉంటుంది. నువ్వన్నట్టు కాయితం మీద పేరే కదా. ఉండేది ఇక్కడే. తినేది ఇక్కడే."

నాయనమ్మ చేటలో చెయ్యి ఆపింది. నీలాద్రి నమలడం ఆపాడు. అమ్మ నాన్న వైపు చూసింది. నాన్న దారం వైపు చూశాడు.

"మీ నాన్న బతికుండగా నేను పుట్టింటి పేరు పెట్టుకుంటే ఊరు ఏమనుకుంటుందే? మొగుడొదిలేశాడనుకోరూ?"

"నన్ను మార్చినప్పుడు ఊరేమనుకుంది?"

"ఏమనుకుంటుంది? ఏమీ అనుకోలేదు."

"అదేనమ్మా."

"అదేంటి?"

"ఏమీ లేదు."

కూర మాడింది. అందరం మాడిన కూరే తిన్నాం. నాకు ఆకలేస్తోందనుకుని అమ్మ ఇంకో గరిటె వేసింది.

చతుర్దశి

పొద్దున్నే అమ్మను మళ్లీ అడిగాను. ఈసారి ఎవరూ లేని చోట, ఉప్పు పక్క మెట్ల మీద. పోట్లాటగా కాదు, నిజంగా అడిగాను. నాన్న కాదనడు, తానే వేలిముద్ర వేస్తాడు, కావాలంటే నేను మాట్లాడతానన్నాను. చాలాసేపు నీళ్లను చూసింది. ఒకసారి పెదాలు కదిలాయి, సైకం మాణిక్యం అని తన పేరే తనలో తాను పలికి చూసుకున్నట్టు. అంతలో గట్టు మీద ఎవరో నడిచి వెళ్లారు. కొంగు సర్దుకుంది.

"సిగ్గేస్తుందే" అంది. "నువ్వే ఉండు. నా కోసం ఉండు."

ఆమెకు ఆ పేరు కావాలి. దాన్ని మోసే మెడ మాత్రం వేరేవాళ్లది కావాలి.

బిందె నేనే తీసుకుని మావయ్య ఇంటికి వెళ్లాను. కంప్యూటర్ మొన్నటి నుంచి అక్కడే ఉంది. లైను సంఘం నిబంధనలు తెరిచాను. వీళ్లు తొందర్లో ఒక సంగతి చూసుకోలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కరే అయితే ఆ ఒక్కరే ఇంటి పెద్ద. కొత్తగా చేరిన మనిషిని పౌర్ణమిలోగా తిప్పి పంపే హక్కు ఇంటి పెద్దకుంది. ఏసుపాదం పున్నమి దాటనీ, దాటనీ అని ఎందుకు గింజుకున్నాడో అర్థమైంది. తిరిగొచ్చిన మనిషి పేరు పాత ఇంటికి దానంతటదే చేరుతుంది, ఎవరి వేలిముద్రా అక్కర్లేదు. ఆడదాన్ని పంపడానికి ఆమెను అడగక్కర్లేదని రాసుకున్నవాళ్లు, తానే పెద్దయిన ఇంట్లో ఏం చేస్తుందోనని మాత్రం ఆలోచించలేదు.

ఫారం ఇలా ఉంది. ఇంటి పెద్ద: సైకం తరళ. తిప్పి పంపుతున్న వ్యక్తి: సైకం తరళ. తరువాత ఇంట మిగిలే సభ్యులు: ఎవరూ లేరు. హెచ్చరిక: ఈ ఇంటి లైను, పలక తొలగించబడతాయి. ఈ ఇంటిపేరు గట్టు మీద ఇంకెక్కడా లేదు. తిరిగి ఇవ్వబడదు.

హెచ్చరిక రెండుసార్లు చదివాను. మావయ్య పటం ముందు దీపం వెలుగుతూనే ఉంది. చిన్నప్పుడు నన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని ఇదే పలక చదివించాడు. మొదట చదివిన అక్షరం "సై". సై అంటే సిద్ధమే అని అర్థం చెప్పి, నాతో గట్టిగా అరిపించాడు. నేను ఏడవలేదు. ఏడ్చానని రాస్తే నమ్ముతారు, కాని ఏడవలేదు.

కారణం అన్న గడి ఖాళీగా వదిలితే ఫారం ముందుకు కదలలేదు. నా పరీక్ష పోతుందని రాద్దామనుకున్నాను. అది నిజమే, కాని పరీక్ష లేకపోయినా ఇదే చేసేదాన్ని. "ఒప్పుకోవడం లేదు" అని రాశాను. ఎవరు ఒప్పుకోవడం లేదో అది అడగలేదు. నొక్కాను.

పచ్చదీపం ఆరిపోయింది. కుళాయి గొంతులో ఒకసారి గురక పెట్టి ఆగింది. బిందె సగమే నిండింది. కంప్యూటర్ మూటగట్టుకుని, సగం బిందే ఎత్తుకున్నాను.

ఇంటికొచ్చి, ఏసుపాదం ఇచ్చిన డ్రైవరు తీసేసి, నీలాద్రి దగ్గర కాపీ చేసిందే మళ్లీ పెట్టాను. మొన్న కాదన్నది ఇవాళ ఔనంది. పసుపు త్రికోణం లేదు. పచ్చదీపం. వాడు వెనక నిలబడి చూస్తున్నాడు.

"అమ్మతో నేను చెప్పనా?" అన్నాడు.

"చెప్పే అలవాటు నీకెప్పుడొచ్చింది?"

నేనే చెప్పాను. అమ్మ విని లేచి వెళ్లిపోయింది. సాయంత్రం లైను మనుషులు పలక దించడానికి నిచ్చెన వేశారని, అమ్మ దాని కింద నిలబడి ఆ పలక తన చేతికివ్వమని అడిగిందని, ఇవ్వడానికి రూలు లేదన్నారని నాన్న వచ్చి చెప్పాడు. చీకటి పడ్డాక మావయ్య దీపం కొంగు చాటున పట్టుకుని వచ్చి మా దేవుడి గూట్లో ఒక మూల పెట్టింది. నా కంచంలో అన్నం పెట్టింది, గరిటె కంచానికి తగలకుండా.

నాయనమ్మ అరుగు మీంచి పిలిచింది. "ఏమే, ఇంతకీ ఆ డ్రైవరు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకున్నాడు నాయనమ్మా."

"మరి మీ అమ్మ ఏడుస్తదేంటి?"

ఫిర్యాదు ముగిస్తున్నాను. లోపం: కార్డులో లేదు, డ్రైవరులో లేదు, లైనులో లేదు. లైన్‌మాన్‌ని మళ్లీ పంపనక్కర్లేదు.

రేపు పొద్దున్న పరీక్ష రాస్తాను. ఉద్యోగం వస్తే బురుజుకు వెళ్తాను. రాకపోయినా ఈ ఇంట్లో ఉండను. సైకం పలక నేనే దింపించాను. మళ్లీ ఎత్తించను.